రిలేషనల్ డేటాబేస్‌లో స్కీమా సృష్టించడం: పేరు పెట్టడం నుంచి పర్మిషన్ల దాకా

స్కీమా గురించి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండే. "స్కీమా క్రియేట్ చేశాను, టేబుల్ కూడా చేశాను, కానీ ఆ టేబుల్ స్కీమాలో కనబడట్లేదు" అనేది ఒకటి. "పర్మిషన్లన్నీ ఇచ్చాను, అయినా పర్మిషన్ డినైడ్ అంటోంది" అనేది రెండోది.

ఈ రెండింటికీ కారణం క్రియేట్ స్కీమా కమాండ్‌లో ఉండదు. దానికి ముందు తీసుకోని నిర్ణయాల్లోనో, ఆ తర్వాత రాయని రెండు మూడు లైన్లలోనో ఉంటుంది. కమాండ్ ఒక్క లైనే. ఆ స్కీమా ఎవరిది, లోపలికి ఎవరు రావచ్చు, రేపు పుట్టబోయే టేబుళ్ల సంగతేమిటి అన్నవి ముందే తేలాలి. అందుకే ఈ గైడ్‌లో కమాండ్ ఐదో మెట్టులో వస్తుంది.

ఉదాహరణ అంతా పోస్ట్‌గ్రెస్‌లో నడుస్తుంది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ వాడేవాళ్లకు తేడాలు పదో మెట్టులో ఉన్నాయి. ఉదాహరణకు ఒక లైబ్రరీ అప్లికేషన్ తీసుకుందాం: పుస్తకాల వివరాలు, సభ్యులు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారనే లెక్క, కొన్ని రిపోర్టులు. కమాండ్లను కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. ఎడిటర్‌లో మాత్రం మామూలు ఎస్‌క్యూఎల్ స్పెల్లింగ్‌తోనే టైప్ చేయండి.

## 1. మీ డేటాబేస్‌లో స్కీమా అంటే ఏమిటో ముందు తేల్చుకోండి

స్కీమా అనే మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. డిజైన్ గురించి మాట్లాడేటప్పుడు టేబుళ్లు, కాలమ్‌లు, కీలు కలిసిన మొత్తం నమూనాను స్కీమా అంటాం. కమాండ్ రాసేటప్పుడు మాత్రం అది డేటాబేస్ లోపల పేరు పెట్టిన ఒక అర. టేబుళ్లు, వ్యూలు (పేరు పెట్టి దాచుకున్న క్వెరీలు), ఫంక్షన్లు అందులో ఉంటాయి. ఒకే పేరున్న రెండు టేబుళ్లు రెండు అరల్లో గొడవ లేకుండా ఉండగలవు.

ఈ రెండో అర్థం కూడా అన్ని డేటాబేస్‌లలో ఒకటి కాదు.

- పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్: డేటాబేస్ లోపల స్కీమాలు, స్కీమాల లోపల టేబుళ్లు.
- మైఎస్‌క్యూఎల్: స్కీమా, డేటాబేస్ రెండూ ఒకటే. క్రియేట్ స్కీమా అన్నా క్రియేట్ డేటాబేస్ అన్నా జరిగే పని ఒకటే.
- ఒరాకిల్: స్కీమా అంటే ఒక యూజర్‌కు చెందిన వస్తువులన్నీ. యూజర్‌ను సృష్టిస్తే స్కీమా వచ్చినట్టే.
- ఎస్‌క్యూలైట్: క్రియేట్ స్కీమా కమాండే లేదు. ఇంకో ఫైలును అటాచ్ కమాండ్‌తో జోడించుకుని, దానికిచ్చిన పేరుతో పిలుస్తారు.

ఒక డేటాబేస్ కోసం రాసిన స్క్రిప్టును ఇంకోదానిలో పెట్టి నడిపితే ఎర్రర్ వస్తే మంచిదే. ఎర్రర్ రాకుండా వేరే పని జరగడం ప్రమాదం. ఒరాకిల్‌లో క్రియేట్ స్కీమా అనే స్టేట్‌మెంట్ ఉంది, కానీ అది కొత్త స్కీమాను సృష్టించదు. మీ స్కీమాలోనే కొన్ని టేబుళ్లు, వ్యూలు, గ్రాంట్లను (హక్కులిచ్చే కమాండ్లను) ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అన్నీ జరిగేలా లేదా ఏదీ జరగకుండా, చేసిపెడుతుంది.

## 2. ఎన్ని స్కీమాలు కావాలో కాగితం మీద వేయండి

టేబుళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: దీన్ని ఎవరు మారుస్తారు, ఎవరు చదువుతారు, ఎవరికి అసలు కనబడకూడదు. జవాబులు ఒకేలా ఉన్న టేబుళ్లు ఒక స్కీమాలోకి వెళ్తాయి.

లైబ్రరీకి ఇలా తేలింది అనుకుందాం:

- కేటలాగ్: పుస్తకాలు, రచయితలు. అందరూ చదవొచ్చు, మార్చేవాళ్లు తక్కువ.
- లెండింగ్: సభ్యులు, తీసుకెళ్లిన పుస్తకాల లెక్క. అప్లికేషన్ రోజంతా రాస్తుంది. సభ్యుల వివరాలు బయటికి పోకూడదు.
- రిపోర్ట్స్: వ్యూలు మాత్రమే. లెక్కలు చూసేవాళ్లు ఇక్కడికే వస్తారు.

విడగొట్టడానికి నా వరకు ఒకటే కొలత: పర్మిషన్ మారుతోందా, ఓనర్ మారుతోందా? రెండూ మారకపోతే కొత్త స్కీమా అక్కర్లేదు. టేబుళ్లు చూడ్డానికి పొందికగా ఉంటాయని ఇరవై స్కీమాలు చేస్తే, ప్రతి క్వెరీలోనూ ఆ పేర్లు మోస్తూ తిరగాలి.

రెండు సందర్భాల్లో స్కీమా సరైన జవాబు కాదు. డెవలప్‌మెంట్, టెస్ట్, ప్రొడక్షన్‌లను ఒకే డేటాబేస్‌లో మూడు స్కీమాలుగా పెట్టకండి. వాటికి వేరే డేటాబేస్‌లు, వీలైతే వేరే సర్వర్లు కావాలి. ఒక్క తప్పు పేరుతో టెస్ట్ డిలీట్ ప్రొడక్షన్ మీద నడిచే వీలు అసలు ఉండకూడదు. రెండోది, ఒక్కో కస్టమర్‌కు ఒక్కో స్కీమా. పది మంది ఉన్నప్పుడు హాయిగానే ఉంటుంది. వందలు దాటాక ఒక కాలమ్ చేర్చాలన్నా అన్ని స్కీమాల్లోనూ అదే మార్పు నడపాలి, మధ్యలో ఒకటి ఫెయిలైతే ఎక్కడ ఆగిందో వెతకాలి. ఆ ఖర్చు ముందే లెక్కేసుకున్నాకే ఆ దారి పట్టండి.

## 3. పేర్లు

చిన్న అక్షరాలు, అండర్‌స్కోర్, అంకెలు. ఇంతకు మించి వాడకండి.

పోస్ట్‌గ్రెస్‌లో డబుల్ కోట్స్ లేకుండా రాసిన పేరు చిన్న అక్షరాల్లోకి మారిపోతుంది, ఒరాకిల్‌లో పెద్ద అక్షరాల్లోకి. కోట్స్ పెట్టి పెద్ద అక్షరంతో ఒకసారి సృష్టించారంటే ఆ తర్వాత ప్రతి క్వెరీలోనూ కోట్స్ పెట్టాల్సిందే. లినక్స్ మీద మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగులో స్కీమా పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడా చూస్తుంది. విండోస్‌లో చూడదు. సొంత మెషీన్‌లో నడిచి సర్వర్‌లో ఆగిపోయే స్క్రిప్టుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

పొడవుకూ హద్దు ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో 63 బైట్లు, మైఎస్‌క్యూఎల్‌లో 64 అక్షరాలు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 128 అక్షరాలు. ఒరాకిల్‌లో 12.2 వెర్షన్ నుంచి 128 బైట్లు, అంతకుముందు 30. హద్దు దాటితే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇవ్వదు, ఒక నోటీస్ చూపించి తోక కోసేస్తుంది.

తెలుగు లిపిలో పేరు పెట్టొచ్చా అని అడుగుతుంటారు. యూటీఎఫ్-8 డేటాబేస్ అయితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. కానీ తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్‌కు (కంప్యూటర్ విడిగా లెక్కపెట్టే గుర్తుకు) 3 బైట్లు. గుణింతం గుర్తులు, ఒత్తులు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి 63 బైట్లలో 21 కోడ్ పాయింట్లే పడతాయి. పేర్లు ఇంగ్లిష్‌లో ఉంచి, తెలుగు వివరణను కామెంట్ ఆన్ స్కీమా కమాండ్‌తో రాసిపెట్టడం నాకు నచ్చిన పద్ధతి.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_ అని మొదలయ్యే స్కీమా పేర్లు సిస్టమ్‌వి, వాటి జోలికి పోవద్దు. యూజర్, ఆర్డర్, గ్రూప్ లాంటి ఎస్‌క్యూఎల్ సొంత మాటలను కూడా పేర్లుగా పెట్టకండి.

## 4. స్కీమా కంటే ముందు రోల్స్

ఎక్కువ మంది ఈ మెట్టు దాటేస్తారు. అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయి స్కీమా చేస్తారు, టేబుళ్లు చేస్తారు, అదే పాస్‌వర్డ్‌ను అప్లికేషన్‌కు ఇచ్చేస్తారు. ఆ రోజుకు అంతా నడుస్తుంది. అప్లికేషన్‌లో ఏ చిన్న లోపం దొరికినా, లోపలికి వచ్చినవాడి చేతిలో డ్రాప్ టేబుల్ హక్కు కూడా ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్‌లో రోల్ అంటే యూజర్ అకౌంట్ లేదా గ్రూపు. నాలుగు రోల్స్ చేయండి:

- లిబ్_ఓనర్: స్కీమాలకూ టేబుళ్లకూ సొంతదారు. దీనికి లాగిన్ ఉండదు.
- లిబ్_మైగ్రేట్: టేబుళ్లు సృష్టించే, మార్చే స్క్రిప్టులు నడిపేది. లాగిన్ ఉంటుంది, లిబ్_ఓనర్‌లో సభ్యత్వం ఉంటుంది.
- లిబ్_యాప్: అప్లికేషన్ వాడేది. డేటా చదువుతుంది, రాస్తుంది. టేబుల్‌ను మార్చలేదు.
- లిబ్_రీడర్: రిపోర్టులు చదవడానికి మాత్రమే.

క్రియేట్ రోల్ లిబ్_ఓనర్ నోలాగిన్;
క్రియేట్ రోల్ లిబ్_మైగ్రేట్ లాగిన్;
క్రియేట్ రోల్ లిబ్_యాప్ లాగిన్;
క్రియేట్ రోల్ లిబ్_రీడర్ లాగిన్;
గ్రాంట్ లిబ్_ఓనర్ టు లిబ్_మైగ్రేట్;

పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాయకండి. పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే కమాండ్ లైన్ టూల్) బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ అనే కమాండ్‌తో విడిగా పెట్టండి.

ఓనర్‌కు లాగిన్ ఎందుకు ఉండకూడదు? ఓనర్‌గా ఒక మనిషి అకౌంట్ ఉంటే, ఆ మనిషి వేరే పనికి మారిన రోజు ఆ అకౌంట్ తీసేయడం కుదరదు. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, దానికింకా ఆస్తులున్నాయని చెబుతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఇలాగే జరిగి, ఒక్క అకౌంట్ తీసేయడానికి వందకు పైగా టేబుళ్ల ఓనర్‌ను మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి రోల్స్ రాయకుండా స్కీమా లైను రాయలేదు.

## 5. స్కీమా సృష్టించడం

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

☐ సరైన సర్వర్‌కు, సరైన డేటాబేస్‌కే కనెక్ట్ అయ్యారా? సెలెక్ట్ కరెంట్_డేటాబేస్() అడిగి చూడండి.
☐ మీ అకౌంట్‌కు ఆ డేటాబేస్ మీద క్రియేట్ హక్కు ఉందా?
☐ ఇంకో రోల్‌ను ఓనర్‌గా పెడుతుంటే, ఆ రోల్‌లో మీకు సభ్యత్వం ఉందా? లేదంటే సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ అకౌంట్) కావాలి.
☐ స్క్రిప్టును ఫైల్‌గా సేవ్ చేసి, వెర్షన్ కంట్రోల్‌లో పెట్టారా?

ఇప్పుడు కమాండ్:

బిగిన్;
క్రియేట్ స్కీమా కేటలాగ్ ఆథరైజేషన్ లిబ్_ఓనర్;
క్రియేట్ స్కీమా లెండింగ్ ఆథరైజేషన్ లిబ్_ఓనర్;
క్రియేట్ స్కీమా రిపోర్ట్స్ ఆథరైజేషన్ లిబ్_ఓనర్;
కమిట్;

బిగిన్, కమిట్‌ల మధ్య పెట్టడం వల్ల మూడోది ఫెయిలైతే మొదటి రెండూ మిగిలిపోవు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సౌకర్యం ఉంది. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లో ఇలాంటి కమాండ్ నడిచిన వెంటనే కమిట్ అయిపోతుంది కాబట్టి రోల్‌బ్యాక్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ వాడాలా? స్క్రిప్టు మళ్లీ మళ్లీ నడిచే చోట పనికొస్తుంది. కానీ ఆ పేరుతో ముందే ఎవరో స్కీమా చేసి ఉంటే, దాని ఓనర్ ఎవరైనా సరే, కమాండ్ ఒక నోటీస్‌తో దాటిపోతుంది. మీరు రాసిన ఆథరైజేషన్ అమలు కాదు. కొత్త డేటాబేస్‌లో మొదటిసారి చేసేటప్పుడు నేను దాన్ని పెట్టను. ఎర్రర్ వస్తే రానివ్వండి, ఏదో ముందే ఉందని అప్పుడే తెలుస్తుంది.

సృష్టించాక పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డీఎన్ ప్లస్ కొట్టి ఓనర్ కాలమ్ చూడండి. మూడింటికీ లిబ్_ఓనర్ అని రావాలి.

## 6. టేబుళ్లు పెట్టడం

లిబ్_మైగ్రేట్‌తో లాగిన్ అయ్యాక చేయాల్సిన మొదటి పని:

సెట్ రోల్ లిబ్_ఓనర్;

ఈ లైను మరిచిపోతే టేబుళ్లకు ఓనర్ లిబ్_మైగ్రేట్ అవుతుంది. స్కీమా ఓనర్ వేరు, లోపలి టేబుల్ ఓనర్ వేరు. టేబుల్ ఎవరు చేస్తే వాళ్లదే. ఏడో మెట్టులో చేసే ఏర్పాటు పనిచేయకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది.

తర్వాత ప్రతి టేబుల్ పేరునూ స్కీమాతో కలిపి పూర్తిగా రాయండి. మొదట ఆధారపడని టేబుళ్లు, తర్వాత వాటి మీద ఆధారపడేవి:

క్రియేట్ టేబుల్ కేటలాగ్.బుక్స్ (
 బుక్_ఐడీ బిగ్‌ఇంట్ జనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ ప్రైమరీ కీ,
 టైటిల్ టెక్స్ట్ నాట్ నల్
);

క్రియేట్ టేబుల్ లెండింగ్.మెంబర్స్ (
 మెంబర్_ఐడీ బిగ్‌ఇంట్ జనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ ప్రైమరీ కీ,
 ఫుల్_నేమ్ టెక్స్ట్ నాట్ నల్
);

క్రియేట్ టేబుల్ లెండింగ్.లోన్స్ (
 లోన్_ఐడీ బిగ్‌ఇంట్ జనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ ప్రైమరీ కీ,
 బుక్_ఐడీ బిగ్‌ఇంట్ నాట్ నల్ రిఫరెన్సెస్ కేటలాగ్.బుక్స్,
 మెంబర్_ఐడీ బిగ్‌ఇంట్ నాట్ నల్ రిఫరెన్సెస్ లెండింగ్.మెంబర్స్,
 ఇష్యూడ్_ఆన్ డేట్ నాట్ నల్,
 డ్యూ_ఆన్ డేట్ నాట్ నల్,
 రిటర్న్డ్_ఆన్ డేట్,
 చెక్ (డ్యూ_ఆన్ >= ఇష్యూడ్_ఆన్)
);

ఒక స్కీమాలోని టేబుల్ ఇంకో స్కీమాలోని టేబుల్‌ను ఫారిన్ కీతో (పైన రిఫరెన్సెస్ అని రాసినది) చూడగలదు, రెండూ ఒకే డేటాబేస్‌లో ఉంటే చాలు. ఓనర్ ఒకటే కాబట్టి రిఫరెన్సెస్ హక్కు విడిగా ఇవ్వనక్కర్లేదు.

ఫారిన్ కీ పెట్టినంత మాత్రాన పోస్ట్‌గ్రెస్ ఆ కాలమ్ మీద ఇండెక్స్ వేయదు. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ అనే డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్ తానే వేస్తుంది, ఆ అలవాటుతో వచ్చేవాళ్లు ఇక్కడ మరిచిపోతారు. బుక్_ఐడీ మీద, మెంబర్_ఐడీ మీద ఇండెక్స్‌లు మీరే వేయండి. లేకపోతే ఒక పుస్తకం తీసేసిన ప్రతిసారీ లోన్స్ టేబుల్ మొత్తం చదవాల్సి వస్తుంది.

## 7. పర్మిషన్లు: గేటు, గది, రేపటి గది

పర్మిషన్ డినైడ్ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నిదానంగా చదవండి.

స్కీమా ఒక గేటు. లోపలి టేబుళ్లు గదులు. గేటు దాటడానికి యూసేజ్ హక్కు కావాలి. గదిలో పనిచేయడానికి సెలెక్ట్, ఇన్సర్ట్ లాంటివి కావాలి. గది తాళం చేతికిచ్చి గేటు మూసి ఉంచితే లోపలికి రాలేరు. గేటు తీసి గది తాళం ఇవ్వకపోయినా అంతే.

మొదట గేటు:

గ్రాంట్ యూసేజ్ ఆన్ స్కీమా కేటలాగ్, లెండింగ్ టు లిబ్_యాప్;
గ్రాంట్ యూసేజ్ ఆన్ స్కీమా రిపోర్ట్స్ టు లిబ్_రీడర్;

తర్వాత ఇప్పుడున్న గదులు:

గ్రాంట్ సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ ఆన్ ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా లెండింగ్ టు లిబ్_యాప్;
గ్రాంట్ సెలెక్ట్ ఆన్ ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా కేటలాగ్ టు లిబ్_యాప్;

ఇక్కడ ఆల్ టేబుల్స్ అంటే ఈ క్షణంలో ఉన్నవి మాత్రమే. రేపు ఒక కొత్త టేబుల్ చేర్చగానే అప్లికేషన్ దాన్ని చదవలేక ఆగిపోతుంది. అందుకే మూడోది, రేపటి గది:

ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఫర్ రోల్ లిబ్_ఓనర్ ఇన్ స్కీమా లెండింగ్ గ్రాంట్ సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ ఆన్ టేబుల్స్ టు లిబ్_యాప్;

కేటలాగ్‌కు సెలెక్ట్‌తో, రిపోర్ట్స్‌కు లిబ్_రీడర్ పేరుతో ఇలాంటి లైన్లే ఒక్కొక్కటి రాయండి.

ఫర్ రోల్ లిబ్_ఓనర్ అన్న మూడు మాటలను వదిలేయకండి. ఈ ఏర్పాటు స్కీమాలో పుట్టే టేబుళ్లన్నిటికీ వర్తించదు, ఆ రోల్ సృష్టించిన వాటికే వర్తిస్తుంది. ఫర్ రోల్ రాయకపోతే కమాండ్ నడిపిన రోల్ అని అర్థం. ఆరో మెట్టులో సెట్ రోల్ మీద అంత పట్టు పట్టింది ఇందుకే.

ఐడెంటిటీ కాలమ్‌లు వాడాం కాబట్టి ఇన్సర్ట్ హక్కు చాలు. పాత పద్ధతిలో సీరియల్ వాడి ఉంటే ఆ సీక్వెన్స్‌ల మీద కూడా యూసేజ్ ఇవ్వాలి. టేబుల్ మీద అన్నీ ఇచ్చినా ఇన్సర్ట్ మాత్రమే ఫెయిలవుతోందంటే ముందు అక్కడ చూడండి.

రిపోర్ట్స్ స్కీమాలో వ్యూలు పెట్టాలనుకున్నాం. వ్యూ మామూలుగా తన ఓనర్ హక్కులతో లోపలి టేబుళ్లను చదువుతుంది. కాబట్టి లిబ్_రీడర్‌కు లెండింగ్ గేటు తీయకుండానే, సభ్యుల పేర్లు లేని లెక్కలు చూపించవచ్చు. స్కీమాలు విడగొట్టినందుకు దక్కే అసలు లాభాల్లో ఇదొకటి. వ్యూ మీద సెలెక్ట్ మాత్రం ఇవ్వాలి.

ఇంకొక లైను పాత డేటాబేస్‌ల కోసం. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి, కొత్తగా చేసిన డేటాబేస్‌లలో పబ్లిక్ అనే స్కీమాలో ఎవరు పడితే వాళ్లు టేబుల్ చేయలేరు. అంతకుముందు చేయగలిగేవారు. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన డేటాబేస్‌లో ఆ పాత హక్కు అలాగే ఉండిపోతుంది. దాన్ని తీసేయండి:

రివోక్ క్రియేట్ ఆన్ స్కీమా పబ్లిక్ ఫ్రమ్ పబ్లిక్;

మొదటి పబ్లిక్ స్కీమా పేరు. రెండో పబ్లిక్ అంటే అందరూ అని.

## 8. సెర్చ్ పాత్

టేబుల్ కనబడట్లేదన్న ప్రశ్నకు జవాబు ఇది.

స్కీమా పేరు లేకుండా లోన్స్ అని మాత్రమే రాస్తే, పోస్ట్‌గ్రెస్ సెర్చ్ పాత్ అనే జాబితాలో వరుసగా వెతుకుతుంది. ఎవరూ మార్చకపోతే అందులో ఉండేవి రెండే: మీ యూజర్ పేరుతో స్కీమా ఉంటే అది, తర్వాత పబ్లిక్. మీరు కొత్తగా చేసిన స్కీమా దానంతట అది ఆ జాబితాలో చేరదు. స్కీమా చేసిన వెంటనే ఉత్త పేరుతో క్రియేట్ టేబుల్ రాస్తే, హక్కు ఉన్నంతవరకూ ఆ టేబుల్ పబ్లిక్‌లోకి పోతుంది.

లాగిన్ రోల్‌కు ఇలా పెట్టండి (డేటాబేస్ పేరు లైబ్రరీ అనుకుందాం):

ఆల్టర్ రోల్ లిబ్_యాప్ ఇన్ డేటాబేస్ లైబ్రరీ సెట్ సెర్చ్_పాత్ = లెండింగ్, కేటలాగ్;

గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ మార్పు కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది, తెరిచి ఉన్నవాటికి కాదు. ఒక గ్రూపు రోల్‌కు పెడితే అందులోని సభ్యులకు రాదు, లాగిన్ అయ్యే రోల్‌కే పెట్టాలి. డేటాబేస్‌లో అసలు లేని స్కీమా పేరును ఈ జాబితాలో రాసినా పోస్ట్‌గ్రెస్ ఏమీ అనదు, దాటేసి ముందుకు పోతుంది. యూసేజ్ హక్కు లేని స్కీమానూ అలాగే దాటేస్తుంది.

ఈ చివరిది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. గేటు హక్కు లేకపోతే పర్మిషన్ డినైడ్ రావాలి కదా అనుకుంటాం. సెర్చ్ పాత్ మీద ఆధారపడినప్పుడు మాత్రం "రిలేషన్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని వస్తుంది. టేబుల్ పోయిందని టెన్షన్ పడకండి. స్కీమాతో కలిపి పూర్తి పేరు రాసి చూడండి, అసలు కారణం అప్పుడు బయటపడుతుంది.

మైగ్రేషన్ స్క్రిప్టుల్లో, ఫంక్షన్ల లోపల సెర్చ్ పాత్‌ను నమ్ముకోకండి. పూర్తి పేర్లే రాయండి. సెక్యూరిటీ డిఫైనర్ ఫంక్షన్ (పిలిచినవాళ్ల హక్కులతో కాకుండా తన ఓనర్ హక్కులతో నడిచేది) అయితే దానికి సెర్చ్ పాత్‌ను ఫంక్షన్‌తోపాటే కట్టేయాలి. అందరూ రాయగల స్కీమా జాబితాలో ఉంటే, అదే పేరుతో ఇంకొకరు పెట్టిన ఫంక్షన్‌ను మీ కోడ్ పిలిచే ప్రమాదం ఉంది. భద్రతా లోపాల బహిరంగ జాబితా అయిన సీవీఈలో 2018లో సీవీఈ-2018-1058 పేరుతో నమోదైన లోపం ఈ కోవకు చెందిందే.

## 9. పరీక్ష

అడ్మిన్‌గా నడిచింది కదా అని వదిలేయకండి. సూపర్‌యూజర్‌కు ఏ గేటూ అడ్డం కాదు.

సెట్ రోల్ లిబ్_యాప్ అని మారి చూడటం కూడా పూర్తి పరీక్ష కాదు. అలా మారినప్పుడు హక్కులు మారతాయి గానీ ఆ రోల్‌కు పెట్టిన సెర్చ్ పాత్ రాదు. నిజంగా ఆ అకౌంట్‌తో కొత్తగా లాగిన్ అవ్వండి.

☐ లిబ్_యాప్: షో సెర్చ్_పాత్ సరిగ్గా వస్తోందా?
☐ లిబ్_యాప్: లోన్స్‌లో ఒక వరుస ఇన్సర్ట్ చేసి రోల్‌బ్యాక్ చేశారా?
☐ లిబ్_యాప్: క్రియేట్ టేబుల్, డ్రాప్ టేబుల్ ఫెయిలవుతున్నాయా? ఫెయిలవ్వాలి.
☐ లిబ్_రీడర్: వ్యూ చదవగలుగుతోందా? లెండింగ్.మెంబర్స్ చదవలేకపోతోందా?
☐ లిబ్_మైగ్రేట్: సెట్ రోల్ చేసి ఒక ఉత్తుత్తి టేబుల్ సృష్టించి, దాన్ని లిబ్_యాప్ వెంటనే చదవగలుగుతోందా? చూశాక తీసేయండి.

చివరిది తప్పక చేయండి. రేపటి గది ఏర్పాటు పనిచేస్తోందని చెప్పే పరీక్ష అదొక్కటే.

## 10. మిగతా డేటాబేస్‌లలో తేడాలు

మైఎస్‌క్యూఎల్: స్కీమా చేసేటప్పుడే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రాయండి. 8.0 నుంచి అదే డిఫాల్ట్, అయినా రాయడం మేలు. పాత యూటీఎఫ్8 మూడు బైట్ల దాకే దాచగలదు. తెలుగు అందులో ఇముడుతుంది, ఎమోజీలు ఇమడవు. తర్వాత స్కీమా డిఫాల్ట్ మార్చినా అప్పటికే ఉన్న టేబుళ్లు మారవు. గ్రాంట్‌లో స్కీమా పేరు, చుక్క, నక్షత్రం గుర్తు రాస్తే రేపటి టేబుళ్లకూ హక్కు వస్తుంది. అయితే ఆ పేరులోని అండర్‌స్కోర్‌ను గ్రాంట్ "ఏదో ఒక అక్షరం" అని చదువుతుంది. పేరులో అండర్‌స్కోర్ ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. లేకపోతే అలాంటి పేరున్న ఇంకో స్కీమాకు కూడా తలుపు తెరుచుకోవచ్చు.

ఎస్‌క్యూఎల్ సర్వర్: క్రియేట్ స్కీమా బ్యాచ్‌లో మొదటి స్టేట్‌మెంట్‌గా ఉండాలి. ముందూ వెనకా గో (బ్యాచ్‌లను విడదీసే మాట) పెట్టండి. ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ నేరుగా లేదు. సిస్.స్కీమాస్‌లో వెతికి, లేకపోతే ఎగ్జెక్ లోపల కమాండ్ నడపాలి. స్కీమా పేరు రాయకపోతే టేబుళ్లు చాలాసార్లు డీబీఓ అనే డిఫాల్ట్ స్కీమాలో పడతాయి, కాబట్టి యూజర్‌కు డిఫాల్ట్ స్కీమా పెట్టండి. స్కీమా మీద ఇచ్చిన సెలెక్ట్ హక్కు అందులో ఇకముందు పుట్టే టేబుళ్లకూ వర్తిస్తుంది.

ఒరాకిల్: యూజర్‌ను సృష్టించి, టేబుల్‌స్పేస్ (డేటా దాచే చోటు) మీద కోటా ఇవ్వండి. కోటా లేకపోతే ఓఆర్ఏ-01950 వస్తుంది. 18సీ నుంచి నో ఆథెంటికేషన్ అని రాసి, లాగిన్ లేని స్కీమా చేసుకోవచ్చు. నాలుగో మెట్టులో చెప్పిన ఓనర్‌కు అది సరిగ్గా సరిపోతుంది. ఆల్టర్ సెషన్‌తో కరెంట్_స్కీమా మార్చినప్పుడు పేర్లు వెతికే చోటు మారుతుంది, హక్కులు మారవు.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

టేబుల్ పబ్లిక్‌లో పడింది. తీసేసి మళ్లీ చేయనక్కర్లేదు. ఆల్టర్ టేబుల్ పబ్లిక్.లోన్స్ సెట్ స్కీమా లెండింగ్ అంటే డేటా, ఇండెక్స్‌లతో సహా వెళ్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీనికి ఆల్టర్ స్కీమా ట్రాన్స్‌ఫర్ వాడతారు. అక్కడ ఆ టేబుల్ మీద ఇచ్చిన హక్కులు పోతాయి, మళ్లీ ఇవ్వాలి.

"పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా" వస్తోంది. గేటు సమస్య. యూసేజ్ ఇవ్వండి. టేబుల్ సృష్టించేటప్పుడు వస్తే స్కీమా మీద క్రియేట్ లేదన్నమాట. అది ఇచ్చే ముందు ఆలోచించండి, అప్లికేషన్‌కు ఆ హక్కు అవసరమా?

"పర్మిషన్ డినైడ్ ఫర్ టేబుల్" వస్తోంది. గేటు దాటారు, గది తాళం లేదు. పాత టేబుల్ అయితే గ్రాంట్, కొత్త టేబుల్ అయితే దాని ఓనర్ ఎవరో చూసి డిఫాల్ట్ ప్రివిలేజెస్ సరిచేయండి. డిఫాల్ట్ ప్రివిలేజెస్ వెనక్కి పనిచేయవు కాబట్టి ఈ టేబుల్‌కు విడిగా గ్రాంట్ కూడా ఇవ్వాలి.

"నో స్కీమా హ్యాజ్ బీన్ సెలెక్టెడ్ టు క్రియేట్ ఇన్" వస్తోంది. సెర్చ్ పాత్‌లోని ఏ పేరూ పనికొచ్చే స్కీమా కాదు. స్పెల్లింగ్, యూసేజ్ హక్కు రెండూ చూడండి.

స్కీమా పేరు మార్చాక అక్కడక్కడా విరిగింది. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూలు, ఫారిన్ కీలు పేరు మారినా తట్టుకుంటాయి. పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ సొంత ప్రోగ్రామింగ్ భాష) ఫంక్షన్ల లోపలి పేర్లు, రోల్స్‌కు పెట్టిన సెర్చ్ పాత్, అప్లికేషన్ కోడ్ మాత్రం పాత పేరునే పట్టుకుని ఉంటాయి. ఈ మూడింటినీ వెతికి మార్చండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్కీమా పేరు మార్చే కమాండ్ లేదు. మైఎస్‌క్యూఎల్‌లోనూ లేదు. కొత్తది చేసి టేబుళ్లను అందులోకి తరలించాలి.

## 12. తొలగించడం

పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్ స్కీమా ఖాళీ స్కీమానే తీస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా అంతే. మైఎస్‌క్యూఎల్ మాత్రం ఏమీ అడగకుండా టేబుళ్లన్నిటితో సహా తీసేస్తుంది. ఆ స్కీమా మీద ఇచ్చిన గ్రాంట్లు తర్వాత కూడా మిగిలే ఉంటాయి. ఎప్పుడైనా అదే పేరుతో కొత్తది చేస్తే పాతవాళ్లకు హక్కులు తిరిగి వచ్చేస్తాయి.

పోస్ట్‌గ్రెస్‌లో క్యాస్కేడ్ అని చేర్చితే లోపలివన్నీ పోతాయి. వాటి మీద ఆధారపడినవి వేరే స్కీమాల్లో ఉన్నా పోతాయి. కేటలాగ్‌ను ఇలా తీస్తే రిపోర్ట్స్‌లోని వ్యూలు మాయమవుతాయి. లోన్స్ టేబుల్ మిగులుతుంది కానీ దాని ఫారిన్ కీ ఊడిపోతుంది. ఏమేం పోతాయో ముందే చూసే దారి ఉంది:

బిగిన్;
డ్రాప్ స్కీమా కేటలాగ్ క్యాస్కేడ్;
రోల్‌బ్యాక్;

మధ్యలో వచ్చే నోటీస్‌లో పోయే వస్తువుల జాబితా ఉంటుంది. స్క్రీన్ మీద వందే చూపిస్తుంది, మిగతావాటికి సర్వర్ లాగ్ చూడమంటుంది. లాగ్‌లో నోటీస్‌లు కూడా రాసే సెట్టింగు ఉంటేనే అవి అక్కడ దొరుకుతాయి. రోల్‌బ్యాక్ చేసేదాకా ఆ టేబుళ్లకు తాళం పడి ఉంటుంది కాబట్టి ఈ ప్రయోగం నడుస్తున్న ప్రొడక్షన్ మీద చేయకండి, దాని కాపీ మీద చేయండి.

నిజంగా తీసేసే రోజున:

☐ పీజీ_డంప్‌ అనే పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ టూల్‌తో ఆ స్కీమా బ్యాకప్ తీసుకున్నారా? స్కీమా పేరుతో తీసిన డంప్‌లో, అది ఆధారపడే వేరే స్కీమాల వస్తువులు రావు. అందుకే డేటాబేస్ మొత్తం బ్యాకప్ కూడా తీయండి.
☐ ఆ బ్యాకప్‌ను ఖాళీ డేటాబేస్‌లో రీస్టోర్ చేసి చూశారా?
☐ కొన్ని రోజుల ముందే యూసేజ్ హక్కు తీసేసి, ఎవరైనా అడుగుతారేమో చూశారా? అడిగితే ఒక్క గ్రాంట్‌తో తిరిగి ఇచ్చేయవచ్చు.
☐ ఏ రోల్ సెర్చ్ పాత్‌లోనైనా ఆ పేరు మిగిలి ఉందా?
☐ క్యాస్కేడ్ లేకుండా, ముందు వ్యూలు, తర్వాత టేబుళ్లు, చివరికి ఖాళీ స్కీమా అనే వరుసలో స్క్రిప్టు రాసుకున్నారా?